నలుగురు, చెప్పకూడనిది ఒకటి

అగ్గిపెట్టెల టీచరంటే ఆ బడిలో గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పైన ప్రిన్సిపల్ మేడమ్ దాకా తెలియనివాళ్ళు లేరు. రెండో తరగతికి అన్నీ ఆవిడే. మెట్ల కింద గది, ముప్ఫైఒక్కమంది పిల్లలు, గోడకి ఒక చార్టు, బల్ల మీద అట్టపెట్టె నిండా ఖాళీ అగ్గిపెట్టెలు. లెక్కల పుస్తకంలో చిట్టచివర ఒక పాఠం ఉంటుంది చూశారూ, నలుగుర్నీ అడిగి వివరాలు సేకరించమని? మిగతా టీచర్లు పరీక్షలకి రెండు రోజుల ముందు గబగబా చదివేసి చేతులు దులుపుకునే పాఠం అది. ఈవిడ దాన్ని ఏడాది పొడుగునా చెప్పేది. బాగా చెప్పేది కూడా. ఆ తర్వాత ఆవిణ్ణి ఎన్ని తిట్టుకున్నా సరే, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

మొదటి సర్వే 'నీకు ఏ పండు ఇష్టం?' అని. ఒక్కో పిల్లకి ఒక్కో పెట్టె. ఇష్టమైన పండు బొమ్మ మీద దాన్ని అతికించాలి, అంతే. అరటిపండు మీద నాలుగు పెట్టెలు పడ్డాయో లేదో వెనక బెంచీలో ఒకడు లేచి "అరటిపండు గెలుస్తోందిరోయ్!" అని కేక పెట్టాడు. ఇంకేముంది, మిగతావాళ్ళందరూ తోసుకుంటూ వచ్చి అరటిపండు మీదే పెట్టెలు పేర్చారు. అరటిపండు వాసన చూస్తేనే వాంతి చేసుకునే పిల్ల కూడా పెట్టేసింది, గెలిచే జట్టులో ఉందామని. దొంతర చార్టు దాటి పైన గోడ ఎక్కింది.

టీచర్ నవ్వలేదు. పెట్టెలన్నీ పీకేసింది. పిల్లలందర్నీ ఎవరి చోట వాళ్ళని కూర్చోబెట్టి, ఎవరికి వాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుని కాగితం మీద రాయమంది. ఆ తర్వాతే పెట్టెలు. ఆ రోజే నల్లబల్ల మీద మూడు ముక్కలు రాసింది. అందర్నీ ఒకే ప్రశ్న అడగాలి. వాళ్ళు ఏం చెబితే అదే రాయాలి. రాసింది చెరపకూడదు.

"చెరిపితే ఏమవుతుంది టీచర్?" అని అడిగింది ముందు బెంచీలో రెండు జడల పిల్ల.

"చెరిపితే అది సర్వే కాదు. నీ సొంత కథ అవుతుంది."

రెండు జడల పిల్ల ఆ మాటని మంత్రంలా పట్టేసుకుంది. ఇంటికెళ్ళి వాళ్ళ నానమ్మకి కూడా చెప్పిందట.

చార్టు తయారయ్యాక దాన్ని చదవడం నేర్పడంలో కూడా టీచర్‌ది ఉక్కు క్రమశిక్షణ. ద్రాక్ష మీద మూడు పెట్టెలే ఉన్నాయి. ఒకడు లేచి, "ద్రాక్ష అంటే ఇష్టమున్నవాళ్ళు డబ్బున్నవాళ్ళు టీచర్" అన్నాడు. "చార్టు చెప్పిందా ఆ మాట?" అంది. వాడు తల గోక్కున్నాడు. "చార్టు చెప్పనిది నువ్వు చెప్పకు. కూర్చో" అంది. నిలువుగీతలు నాలుగు, వాటి మీద అడ్డంగా ఐదో గీత, అలా కట్టలు కట్టడం అయితే ఆ పిల్లలకి నిద్రలో లేపి అడిగినా వచ్చేది.

ఇంతకీ ఆ అగ్గిపెట్టెలు ఎక్కణ్ణుంచి వచ్చేవనుకున్నారు? కొట్లో ఖాళీ పెట్టెలు కావు. టీచర్ భర్త ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు, అక్కడ కత్తిరించి పారేసే అట్టముక్కలు సంచీలో తెచ్చేవాడు. ఆ ముక్కల్ని మడిచి, మైదా జిగురు రాసి, రంగు కాగితం చుట్టి, అన్నీ ఒక్క కొలతకి పెట్టెలు చేసి ఇచ్చేది టీచర్ వాళ్ళ అక్క. కళ్ళు మూసుకుని చేసేది. చెయ్యదూ మరి! పద్నాలుగో ఏట నుంచీ ఆవిడ చేతికి అలవాటైన పని అది.

తల్లి పోయేనాటికి చెల్లెలికి ఆరేళ్ళు. ఇంట్లో కూర్చుని పెట్టెలు అతికితే వచ్చే దాంతో ఇద్దరికీ తిండికి సరిపోయేది, చదువుకి చాలేది కాదు. అందుకని అక్క అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లల్ని మందులో ముంచే గదిలో చేరింది. పాతికేళ్ళు ఆ గదిలో. పెళ్ళి మాట ఎవరెత్తినా, "దీని చదువు కానివ్వండి" అనేది. చెల్లెలి చదువయింది, టీచర్ ట్రైనింగయింది, పెళ్ళయింది, పిల్ల పుట్టింది. అన్నీ అయ్యేసరికి అక్కని అడిగేవాళ్ళు లేకపోయారు, ఛాతీలో దగ్గు మాత్రం కాపురం పెట్టింది. దగ్గే మనిషిని ఫ్యాక్టరీ ఎన్నాళ్ళు ఉంచుకుంటుంది? ఎనిమిది నెలల కింద పొమ్మన్నారు. బట్టల సంచీ ఒకటి పట్టుకుని చెల్లెలింటికొచ్చి, "ఒక నెల ఉంటానే" అంది.

ఆ ఇల్లు అద్దెది. కింద ఇంటావిడ, పైన వీళ్ళు. రెండు గదులు, వంటిల్లు, వెనకవైపు ఇనప మెట్లు. అద్దెకిచ్చిన రోజే ఇంటావిడ వేలు చూపించి మరీ చెప్పింది, నలుగురంటే నలుగురే అని. టీచర్, భర్త, మోకాళ్ళు పట్టేసిన అత్తగారు, ఆవిడ క్లాసులోనే చదివే ఏడేళ్ళ కూతురు పిచ్చుక. లెక్క సరిపోయింది. అక్క వచ్చిన వారానికి మెట్ల దగ్గర ఇంటావిడ, "ఎవరో వచ్చినట్టున్నారే?" అంది. ఉన్నమాట చెప్పి, ఉండనివ్వండి పిన్నిగారూ అని అడిగితే పోయేది. అడగలేదు మహాతల్లి. "చుట్టాలండీ, రేపు వెళ్ళిపోతారు" అంది. ఒకసారి ఆ మాట అన్నాక ఇక దాన్ని నిలబెట్టుకోవడమే పనయిపోయింది.

అప్పట్నుంచి అక్కకి ఆ ఇంట్లో ఉండీ లేనట్టు ఉండటం నేర్పించారు. ముందు మెట్లు దిగకూడదు. చీర దండెం మీద ఆరెయ్యకూడదు, గదిలో కుర్చీ వీపు మీదే ఆరాలి. దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గాలి. వీధివైపు కిటికీ ఎనిమిది నెలలుగా మూసే ఉంది. సంగతి బయటపడితే ఇల్లు ఖాళీ చెయ్యాలని టీచర్ భయం. బడి రోడ్డుకి అవతలే, ఇంత దగ్గర్లో ఈ అద్దెకి మళ్ళీ దొరకదు, అత్తగారు రెండడుగులు వెయ్యలేదు. ఇల్లు ఉండాలంటే అక్క పోవాలి. అక్కకి పోవడానికి చోటు లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఇలా ఉండగా బడిలో ప్రదర్శన వచ్చింది. తల్లిదండ్రులొస్తారు, ప్రతి తరగతీ ఏదో ఒకటి చేసి చూపించాలి. "మీ పండ్ల చార్టు నిరుడు చూశాం కదా, ఈసారి కొత్తది చేయండి" అంది ప్రిన్సిపల్ మేడమ్. అగ్గిపెట్టెల టీచర్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. అక్కడికక్కడే, "ఎవరింట్లో ఎంతమంది ఉంటారో సర్వే చేయిద్దాం మేడమ్. ఒక్కో పిల్లకి ఒక్కో దొంతర. ఎవరి దొంతర దగ్గర వాళ్ళు నిలబడి చెప్తారు" అంది. మేడమ్‌కి తెగ నచ్చేసింది. సాయంత్రానికల్లా ఆహ్వానపత్రంలో అచ్చుకిచ్చేసింది. అచ్చేసింది ఎవరనుకున్నారు, టీచర్ భర్త పనిచేసే ప్రెస్సే.

తన ఇంటి సంగతి ఆవిడకి ఎలా తట్టలేదంటారా? ఎనిమిది నెలల కిందటే లెక్కలోంచి తీసేసిన మనిషి, లెక్క రాసేటప్పుడు ఎందుకు గుర్తొస్తుంది? అదీ సంగతి.

మర్నాడు క్లాసులో ముందుగా, ఇంట్లో మనిషంటే ఎవరో తేల్చింది. "రోజూ మీ ఇంట్లో తిని, రోజూ మీ ఇంట్లో పడుకునేవాళ్ళే మీ ఇంటి మనుషులు. మిగతావాళ్ళు కారు."

"మా కుక్క?" అన్నాడొకడు.

"మనుషులన్నాను."

కిటికీ పక్కన కూర్చునే బక్కపిల్ల చెయ్యెత్తింది. "టీచర్, మా నాన్న లారీ నడుపుతాడు. ఎప్పుడో వస్తాడు. వచ్చినప్పుడు తింటాడు."

"రోజూ పడుకుంటాడా?"

"ఉహూఁ."

"అయితే లెక్కలోకి రాడు. ముగ్గురని రాయి."

బక్కపిల్ల కాగితం మీద నాలుగోగీత అప్పటికే గీసేసి ఉంది. దాని మీద వేలు పెట్టి దాచుకుంది. "కొట్టెయ్. పక్కన సంతకం పెట్టు" అంది టీచర్. ఏడేళ్ళ పిల్లకి సంతకమేమిటి, తల్లీ! ఆ పిల్ల నాన్న గీతని అడ్డంగా కొట్టేసి, పక్కన తన పేరు రాసి, ఆ కాగితం మీదే టపటపా కన్నీళ్ళు కార్చింది. టీచర్ రెండో బెంచీ దగ్గరికి వెళ్ళిపోయింది. రూలంటే రూలే మరి.

ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే కింద వాకిట్లో ఇంటావిడ మనవరాలికి జడలల్లుతోంది. మన రెండు జడల పిల్లే. "ఏమ్మాయ్, మీ క్లాసులో ఇంట్లో ఎంతమందో లెక్కెడుతున్నారటగా. ఇది బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అదే గోల. చూడ్డానికి నేనొస్తున్నా" అంది ఇంటావిడ.  టీచర్ తలూపి పైకెక్కిందే గానీ ఎన్ని మెట్లెక్కిందో తెలియలేదు.

మర్నాడు ప్రిన్సిపల్ దగ్గరికెళ్ళి, ప్రశ్న మారుద్దాం మేడమ్, నీళ్ళబాటిళ్ళ రంగుల మీద చేద్దాం అని నసిగింది. "పత్రాలు పంచేశాక ఇప్పుడు రంగులేమిటమ్మా?" అంది మేడమ్. ఆ దారీ మూసుకుపోయింది. ఇక మిగిలింది కూతురే.

సాయంత్రం వంటింట్లో పిచ్చుకని నిలబెట్టింది. అక్క గోడకానుకుని పెట్టెలు మడుస్తోంది.

"మనింట్లో ఎంతమందిమే?"

"ఐదుగురం."

"కాదు, నలుగురం."

పిచ్చుక వేళ్ళు మడిచింది. "నువ్వు, నాన్న, నానమ్మ, నేను, పెద్దమ్మ. ఐదు."

"పెద్దమ్మ లెక్కలోకి రాదు."

"రోజూ మనింట్లోనే తింటుందిగా. నా పక్కనే పడుకుంటుందిగా. నువ్వేగా చెప్పావు క్లాసులో!"

చెంప ఛెళ్ళుమంది. పిల్ల గుడ్లప్పగించి చూసింది. ఏడవడానికి కూడా దానికి ఒక క్షణం పట్టింది, ఎందుకు కొట్టారో తెలియక.

"దాన్నెందుకే కొడతావ్?" అని అక్క జిగురు చేతులు చీరకి తుడుచుకుని పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. "నేను చుట్టాన్ని కదే పిచ్చితల్లీ. చుట్టాల్ని ఎవరన్నా లెక్కెడతారా?"

"చుట్టాలు వెళ్ళిపోతారుగా. నువ్వు వెళ్ళవుగా?"

అక్క చెల్లెలి వైపు చూసింది. ఒక్క మాట వస్తుందేమోనని చూసింది పాపం. లేదే, పెద్దమ్మ ఎక్కడికీ వెళ్ళదు, ఆ ఒక్క రోజుకి అలా చెప్పు చాలు, అంటే సరిపోయేది. చెల్లెలు బియ్యం కడుగుతోంది. తల తిప్పలేదు.

"వెళ్తుంది. నువ్వు చెప్పు, ఎంతమందిమి?"

"నలుగురం" అంది పిచ్చుక.

అలా ఇరవై సార్లు చెప్పించింది. పక్కన అక్క పెట్టెలు మడుస్తూనే ఉంది. ప్రదర్శనకి ఇంకా నలభై కావాలి.

సర్వే రోజున పిల్లలు జంటలుగా కూర్చుని ఒకళ్ళనొకళ్ళు అడగాలి. బెంచీ వరస ప్రకారం పిచ్చుక, రెండు జడల పిల్ల జంట. జంటలు మారిస్తే తన మీద అనుమానం వస్తుందని టీచర్ మార్చలేదు. దూరం నుంచే చెవులు రిక్కించి నిలబడింది.

"మీ ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం" అంది పిచ్చుక, తడుముకోకుండా. టీచర్ ఊపిరి పీల్చుకుంది. అంతలో పిచ్చుకే లేచి, బడిలో తల్లిని ఎప్పుడూ పిలిచినట్టే పిలిచింది. "టీచర్, రోజూ తిని, రోజూ పడుకుని, లెక్కలోకి రానివాళ్ళని ఎక్కడ రాయాలి?"

అమ్మో! క్లాసంతా ఇటు తిరిగింది.

"అలాంటివాళ్ళు ఉండరు. కూర్చో."

పిచ్చుక కూర్చుంది. కానీ రెండు జడల పిల్ల మంచి సర్వేయరు. సగంలో వదిలే రకం కాదు. "ఎవరే?" అంది గుసగుసగా.

"చెప్పకూడదు."

ఏం చెబితే అదే రాయాలి కదా. ఆ పిల్ల నాలుక బయటపెట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. 'నలుగురు. చెప్పకూడనిది ఒకటి.' నాలుగు గీతలు ఒకచోట, కాస్త ఎడంగా ఇంకో గీత.

టీచర్ ఆ కాగితం చూసి పాలిపోయింది. "ఇదేంటి? చెరుపు."

"చెరపకూడదు టీచర్."

"నేను చెప్తున్నాగా, చెరుపు!"

"చెరిపితే సర్వే కాదన్నారుగా. నా సొంత కథ అవుతుందన్నారుగా." పిల్ల కాగితం మాత్రం వదల్లేదు.

టీచర్ ఆ కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేసింది. ఇంకో కాగితం దాని ముందు పడేసి, నలుగురని రాయించింది. ముప్ఫైఒక్కమందీ చూశారు. బక్కపిల్ల కూడా చూసింది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు, క్లాసు చాలా బుద్ధిగా సాగింది. ఒకడు మాత్రం తన కాగితంలో ఆరుని చెరిపి తొమ్మిది చేసుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

శనివారం ప్రదర్శన. ఇంట్లోంచి బయల్దేరుతుంటే అక్క పిచ్చుక రిబ్బన్లు సరిచేసి, "భయపడకుండా చెప్పు" అంది. చెల్లెలితో ఏమీ అనలేదు. చెల్లెలికి వినే తీరికా లేదు.

మెట్ల కింద గది కిక్కిరిసింది. గోడ పొడుగునా ఎర్ర, పచ్చ, నీలం పెట్టెల దొంతరలు, ఒక్క పెట్టె వంకర లేదు. ప్రిన్సిపల్ మేడమ్ అందరికీ దగ్గరుండి చూపించింది. ఇంటావిడ కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కో దొంతరే చూస్తూ పిచ్చుక దగ్గర ఆగింది.

"మా ఇంట్లో నలుగురం" అంది పిచ్చుక, కిందికి చూస్తూ.

ఇంటావిడ ఆ నాలుగు పెట్టెలకేసి చాలాసేపు చూసింది. "పెట్టెలు భలే కుదిరాయి. ఎవరు చేశారు?"

"కొన్నామండీ" అంది టీచర్.

 ఇంటావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. గండం గడిచింది! టీచర్‌కి ఎక్కడలేని హుషారూ వచ్చింది. మేడమ్ అందరిముందూ మెచ్చుకుంది, చప్పట్లు కొట్టించింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వంటింట్లో గోడవార పెట్టెలు లేవు, జిగురు గిన్నె కడిగి బోర్లించి ఉంది. అత్తగారు మంచం మీంచి చెప్పింది. "మీరటు వెళ్ళగానే మీ అక్క సంచీ సర్దుకుంది. పిల్ల అబద్ధం చెప్పినట్టు కాకూడదు, ఈ రోజు నుంచి నలుగురే ఉంటారు, అని చెప్పమంది. ఎక్కడికే అంటే చెప్పలేదు."

టీచర్ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏడ్చిందనుకుంటున్నారా? ఆ క్షణాన ఆవిడకి ముందు కలిగింది హమ్మయ్య అన్న నిశ్చింత. ఉన్నమాట చెప్పుకోవాలి. భారం దిగిపోయింది. లోపలికెళ్ళి కుర్చీ మీద ఆరేసిన పాత తువ్వాలు తీసి మడతపెట్టి, ఎనిమిది నెలలుగా మూసి ఉన్న కిటికీ తెరిచింది. గాలి బాగా వచ్చింది.

"పెద్దమ్మేది?" అని పిచ్చుక ఇల్లంతా వెతుకుతుండగా, కింద నుంచి ఇంటావిడ ఆయాసపడుతూ పైకొచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి.

"ఏదమ్మాయ్ మీ అక్క?"

"ఏ అక్కండీ?"

"ఇంకా నా దగ్గర నాటకాలెందుకే? నేను చెవిటిదాన్ననుకున్నావా? ఎనిమిది నెలలుగా నా నెత్తి మీద దగ్గుతుంటే తెలియదూ? అంతకుముందున్నవాళ్ళు నలుగురని చెప్పి పదకొండుమంది దిగి ట్యాంకు నీళ్ళన్నీ తోడేశారు, అందుకని పెట్టుకున్నా ఆ రూలు. తోడబుట్టినదాన్ని తెచ్చుకున్నావని వెళ్ళగొడతానా? నువ్వే నోరు తెరిచి ఒక్క మాట అడుగుతావని చూశా. ఇవాళ అడుగుతావు, రేపడుగుతావు అని ఎనిమిది నెలలు చూశా." ఆవిడ గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంది. "అది పోనీ. మా పిల్ల కాగితం చింపావట. రెండ్రోజుల్నుంచీ అన్నం సరిగ్గా తినట్లేదు. అది రాసింది తప్పా? చెప్పు, తప్పయితే నేనే దానికి బుద్ధి చెప్తా."

తప్పు కాదు పిన్నిగారూ, అనడానికి ఎంతసేపు పడుతుంది? టీచర్ తెరిచిన కిటికీ వైపు చూసింది.

"మా ఇంట్లో నలుగురమేనండీ" అంది. "కావాలంటే చూసుకోండి."

ఇంటావిడ చూసింది. గదిలోకి కాదు, టీచర్ మొహంలోకి. చూసి, "ఛీ" అని మెట్లు దిగిపోయింది. సోమవారం టీచర్ రెండు జడల పిల్లకి కొత్త పెన్సిలొకటి ఇచ్చింది. ఆ పిల్ల దాన్ని బల్ల మీదే వదిలేసి వెళ్ళింది.

పిచ్చుక మూడు రోజులు పెద్దమ్మ కోసం బెంగపెట్టుకుని జ్వరం తెచ్చుకుంది. నోరులేని మనిషి ఆ భర్త, ఆయన మాత్రం ప్రెస్సుకి అట్ట తెచ్చే బండివాళ్ళందర్నీ అడిగాడు. వారం తిరిగేసరికి కబురు తెలిసింది. ఊరి చివర పెట్టెలు అతికే షెడ్డులో ఉంది, రాత్రిళ్ళు పడకా అక్కడే. "వెళ్ళి తీసుకురా. నేను వెళితే ఆవిడ రాదు, నువ్వు పిలిస్తే వస్తుంది" అన్నాడు.

ఆదివారం పొద్దున టీచర్ బస్సెక్కి వెళ్ళింది. రేకుల షెడ్డు, ముప్ఫైమంది ఆడవాళ్ళు, వరసగా చెక్కబల్లలు, పులిసిన జిగురు వాసన. మూడో బల్ల చివర అక్క కూర్చుని ఉంది. వారం రోజుల్లోనే మనిషి సగమయింది. చేతులు మాత్రం యంత్రంలా ఆడుతున్నాయి. బట్టల సంచీ బల్ల కింద కాళ్ళ దగ్గరే ఉంది.

అక్క తలెత్తి చూసి, "పిచ్చుకకి ఒంట్లో బాగుందా?" అంది ముందు.

"నీ కోసం జ్వరం తెచ్చుకుంది. పద అక్కా, ఇంటికెళదాం."

"ఇంటావిడ?"

"ఏమీ అనలేదు. ఆవిడకి ముందే తెలుసట. ఉంటే ఉండమంది."

"ఆవిడ ఉండమందా? మంచి మనిషి." అక్క ఇంకో అట్టముక్క అందుకుంది. నాలుగు మడతలు, ఒక జిగురు పూత, పెట్టె అయిపోయింది. "ఇక్కడా బానే ఉందే. దగ్గినా ఎవరూ ఏమీ అనరు."

 టీచర్ మళ్ళీ అంది, "రా అక్కా."

ఈసారి అక్క చేతులు ఆగాయి. తలెత్తలేదు. మెల్లిగా కాలితో బల్ల కింద సంచీని బయటికి లాక్కుంది. వేలికంటిన జిగురు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది. తుడుచుకుని, అలాగే కూర్చుంది. ఇంకొక్క పిలుపు కోసం. చెల్లెలికి అర్థం కాలేదనుకోకండి, ఆరేళ్ళప్పట్నుంచీ ఆ మనిషి చేతుల్లో పెరిగింది. ఇంకొక్కసారి రమ్మంటే లేచొస్తుందని ఆవిడకి స్పష్టంగా తెలుసు. తెలిసే నిలబడింది. కిటికీ గుర్తొచ్చింది. కుర్చీ గుర్తొచ్చింది. దిండులోంచి వినిపించే దగ్గు, దానికి అత్తగారి సణుగుడు, వారం రోజులుగా ఇంట్లో పెరిగిన ఖాళీ చోటు, అన్నీ గుర్తొచ్చాయి.

"సరే అక్కా, నీ ఇష్టం" అంది.

 అక్క సంచీని కాలితో మళ్ళీ బల్ల కిందికి తోసి, "పిల్ల జాగ్రత్త" అని ఇంకో అట్టముక్క అందుకుంది.

టీచర్ తిరుగు బస్సెక్కింది. ఆదివారం కదా, ఖాళీగా ఉంది. కిటికీ పక్కనే సీటు దొరికింది.